అరిగిన గేర్‌బాక్స్: బాగుచేయించాలా, మార్చాలా?

సూరత్ నగరం ఆగ్నేయ భాగంలో, లింబాయత్‌కు దగ్గరలో గోడాదరా ఉంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, దశాబ్దాలుగా ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఇక్కడి సందుల్లో తిరిగే చిన్న టెంపోల బతుకు చాలావరకు బట్ట మీదే. మగ్గం దిగిన గ్రే బట్ట ప్రాసెసింగ్ మిల్లుకు చేరాలి. అక్కడ రంగులద్దుకున్న చీరలు రింగ్ రోడ్డు మార్కెట్లకు, కట్టిన పార్సిళ్లు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకు వెళ్లాలి. దూరం తక్కువ, ఆగడం ఎక్కువ, బరువు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. బండి రోజులో చాలా భాగం ఒకటో గేరు, రెండో గేరు మధ్యే గడుపుతుంది.

అలా తిరిగిన బండి కొన్నేళ్లకు రెండో గేరులో గర్రుమనడం మొదలుపెడుతుంది. లేదా ఎక్సలేటర్ వదలగానే గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి జారిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మూడు సలహాలు వినిపిస్తాయి. గేర్‌బాక్స్ దించి విప్పి బాగుచేద్దాం అనేది ఒకటి. భంగార్ దుకాణంలో, అంటే పాత ఇనుప సామాను దగ్గర, వేరే బండిది దొరుకుతుంది, తెచ్చి బిగిద్దాం అనేది రెండోది. కంపెనీ కొత్త అసెంబ్లీ వేయిస్తే పీడా పోతుంది అనేది మూడోది. బండి మీద అప్పు కంతులు ఉన్నవారికి, బండి ఆగిన రోజు కూలి కూడా రానివారికి ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు.

చాలామంది ధర చూసి, లేదా మేస్త్రి మీద నమ్మకంతో తేల్చేస్తారు. నిజానికి గేర్‌బాక్స్ లోపల అరుగుదల ఎక్కడిదాకా వచ్చిందన్నదే ఈ ప్రశ్నకు అసలు జవాబు. అది కొంతవరకు శబ్దంలో, కొంతవరకు ఆయిల్‌లో, మిగతాది మూత తీశాక కనిపిస్తుంది. దాన్ని చదవడానికి కాస్త భౌతికశాస్త్రం తోడైతే చాలు.

ముందు అది గేర్‌బాక్స్ జబ్బేనా?

గేరు పడటం లేదంటే గేర్‌బాక్సే పోయిందని అనుకోనక్కరలేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఏ గేరూ సరిగా పడక, ఇంజన్ ఆపేసి చూస్తే అన్నీ సులువుగా పడుతుంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. కేబుల్ సరిచేస్తేనో, క్లచ్ ప్లేటు మారిస్తేనో పోయే సమస్య అది. గేరు రాడ్డు వదులుగా ఊగుతూ, ఒక గేరుకు బదులు ఇంకో గేరు పడుతుంటే బయటి లింకేజీ బుష్‌లు అరిగి ఉండవచ్చు. వాటి ఖర్చు వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు.

ఇంకో పరీక్ష. బండి నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ నడవనివ్వాలి. క్లచ్ పెడల్ మీద నుంచి కాలు తీస్తే గరగర వినిపించి, పెడల్ తొక్కగానే ఆగితే, గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ వైపు బేరింగులను అనుమానించాలి. పెడల్ తొక్కితే లోపలి షాఫ్టు ఇంజన్ నుంచి విడిపోయి ఆగుతుంది కాబట్టి శబ్దమూ ఆగుతుంది. అలా కాక, పెడల్ తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు. దాన్ని మార్చడానికి కూడా గేర్‌బాక్స్ దించాల్సిందే గానీ, విప్పాల్సిన పని లేదు.

శబ్దం ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు జత మీద, అన్ని గేర్లలోనూ వస్తే షాఫ్టులను మోసే బేరింగుల మీద దృష్టి పెట్టాలి. ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పొడవాటి షాఫ్టు ద్వారా శక్తి వెళ్లే బండ్లలో సాధారణంగా ఒక గేరు నేరుగా కలుస్తుంది. అందులో ఇంజన్ షాఫ్టు, బయటికి వెళ్లే షాఫ్టు ఒకటిగా తిరుగుతాయి, కింది కౌంటర్ షాఫ్ట్ మీద భారం ఉండదు. ఆ గేరులో మాత్రమే బండి నిశ్శబ్దంగా ఉంటే లోపం కౌంటర్ షాఫ్ట్ వైపు ఉన్నట్టు.

ఈ శబ్దానికి ఒక లెక్క కూడా ఉంది. 20 పళ్ల చక్రం నిమిషానికి 2,400 చుట్లు, అంటే సెకనుకు 40 చుట్లు తిరుగుతోందనుకుందాం. పన్ను పన్నును కలిసే ఘటన సెకనుకు 800 సార్లు జరుగుతుంది. పళ్లన్నీ ఒకేలా అరిగితే ఆ 800 హెర్ట్జ్ ఈల గట్టిగా వినిపిస్తుంది. ఒక్క పన్ను మాత్రమే విరిగితే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక దెబ్బ, అంటే సెకనుకు 40 దెబ్బలు. మొదటిది ఈలలా, రెండోది టకటకలా చెవికి తెలుస్తుంది. అనుభవమున్న మేస్త్రి స్క్రూడ్రైవర్ కొనను గేర్‌బాక్స్‌కు, పిడిని చెవికి ఆనించి పట్టేది ఈ తేడానే. శబ్ద పౌనఃపున్యాలను గీసి చూపే మొబైల్ యాప్‌లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. పరీక్షగా వాడి చూడటంలో తప్పు లేదు, అయితే ఇంజన్ రొదలోంచి గేరు శబ్దాన్ని విడదీయడానికి కొంత సాధన కావాలి.

పన్ను మీద పడే బరువు

రెండు గాజు కటకాలను ఒకదానిపై ఒకటి నొక్కితే అవి తాకే చోట ఏమవుతుంది? 1880 చివర్లో బెర్లిన్‌లో హైన్‌రిష్ హెర్ట్జ్ అనే యువ శాస్త్రవేత్తకు వచ్చిన ప్రశ్న ఇది. విద్యుదయస్కాంత తరంగాలతో పేరు తెచ్చుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు ఉంది. 1881 జనవరిలో, 24 ఏళ్లు నిండకముందే, వంపు తిరిగిన రెండు గట్టి వస్తువులు తాకినప్పుడు ఏర్పడే ఒత్తిడిని లెక్కగట్టే సిద్ధాంతాన్ని అక్కడి భౌతికశాస్త్ర సంఘం ముందు ఉంచాడు. కటకాల కోసం పుట్టిన ఆ సిద్ధాంతమే నేటికీ గేర్లకు, బేరింగులకు ఆధారం.

దాన్ని ఒక చిన్న టెంపోకు అన్వయిద్దాం. ఇంజన్ 40 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందని, గేరు వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లని, పన్ను వెడల్పు 15 మిల్లీమీటర్లని అనుకుందాం. పన్ను మీద పడే బలం 1,600 న్యూటన్లు, అంటే సుమారు 160 కిలోల బరువు. ఇద్దరు మనుషులకు మించిన ఈ బరువు ఆనే జాగా ఎంత? 15 మిల్లీమీటర్ల పొడవు, 0.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నని గీత. హెర్ట్జ్ సూత్రం ప్రకారం ఆ గీత మధ్యలో ఒత్తిడి సుమారు 700 మెగాపాస్కల్స్, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 7,000 రెట్లు. టార్క్ పెరిగే కింది గేర్లలో ఇది ఇంకా ఎక్కువ.

అంత ఒత్తిడిలో కూడా పళ్లు నేరుగా ఒకదాన్నొకటి తాకకుండా ఆపేది ఆయిల్ పొర. ఆ పొర మందం ఒక మైక్రాన్ చుట్టుపక్కల ఉంటుంది, చాలాసార్లు అంతకన్నా తక్కువ. తల వెంట్రుక మందం దానికి డెబ్బై రెట్లు ఉంటుంది. అంత పలచని పొర నలిగిపోకుండా ఎలా నిలుస్తుందంటే, ఆ ఒత్తిడిలో ఆయిల్ చిక్కదనం ఊహించలేనంతగా పెరిగి, పళ్ల మధ్య ఉన్న ఆ క్షణంలో అది దాదాపు ఘనపదార్థంలా ప్రవర్తిస్తుంది.

ఇక ఉక్కు సంగతి. గేరు పన్నును లోపలి నుంచి పైదాకా ఒకే గట్టితనంతో చేయరు. మొత్తం గట్టిగా ఉంటే గాజులా పెళుసై పటుక్కున విరుగుతుంది. మొత్తం మెత్తగా ఉంటే త్వరగా అరుగుతుంది. అందుకే తక్కువ కార్బన్ ఉన్న ఉక్కుతో గేరు చెక్కి, కార్బన్ వాతావరణంలో కొలిమిలో ఉంచి పైపొరకు కార్బన్ పట్టిస్తారు, తర్వాత చల్లార్చి గట్టిపరుస్తారు. పైన సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మందాన రాక్‌వెల్ సి కొలబద్దపై 58 నుంచి 62 గట్టితనం వస్తుంది. లోపలి భాగం అంతకంటే మెత్తగా, సాగే గుణంతో ఉండి దెబ్బలను ఓర్చుకుంటుంది. చెరకుగడ లాంటి ఏర్పాటు ఇది, పైన గట్టి చెక్కు, లోపల వేరే పదార్థం.

బాగుచేయించడమా మార్చడమా అన్న నిర్ణయంలో ఈ పలచని చెక్కుదే పెద్ద పాత్ర. పళ్లు కలిసే చోట లోహానికి గరిష్ఠ కోత ఒత్తిడి పైతలం మీద కాదు, కాస్త లోపల ఏర్పడుతుంది. పై ఉదాహరణలో అది 0.08 మిల్లీమీటర్ల లోతు. లక్షల సార్లు ఆ ఒత్తిడి పడి లేస్తుంటే అక్కడ సన్నని పగులు పుట్టి, పైకి పాకి, చిన్న పెచ్చు ఊడుతుంది. మేస్త్రులు పన్ను మీద చుక్కలు పడ్డాయనేది దీన్నే. ఆవగింజ కంటే చిన్నవైన కొద్ది చుక్కలు గట్టి పొరలోపలే ఉంటే గేరు ఇంకా కొంతకాలం నడుస్తుంది. చుక్కలు కలిసిపోయి, పెచ్చులు లోతుగా లేచి, గట్టి పొర దాటితే ఆ కింద ఉన్నది మెత్తని ఉక్కు. రాపిడి అరుగుదల మీద ఆర్చర్డ్ 1953లో ఇచ్చిన సూత్రం ప్రకారం, అరిగే పదార్థం భారానికి, జారిన దూరానికి అనులోమంగా, గట్టితనానికి విలోమంగా ఉంటుంది. చెక్కు పోయిన చోట అరుగుదల వేగం ఒక్కసారిగా పెరిగేది అందుకే. అలాంటి గేరును ఉంచి చుట్టూ కొత్త బేరింగులు వేస్తే డబ్బు దండగ.

కొన్ని షెడ్లలో విరిగిన పన్నును వెల్డింగుతో నింపి, రాతితో సాన పెట్టి ఇస్తామంటారు. వెల్డింగు వేడికి చుట్టుపక్కల పళ్ల గట్టితనం పోతుంది లేదా పెళుసుదనం వస్తుంది. పైగా పన్ను ఆకారం మైక్రాన్ల కొలతలో ఉండాలి, చేత్తో అది సాధ్యం కాదు. గేర్‌బాక్స్ విషయంలో ఈ మార్గాన్ని మూడో సలహాగా కూడా లెక్కలోకి తీసుకోకూడదు.

జతలో ఒక్క గేరునే మార్చడమూ మంచిది కాదు. పాత గేరు పన్ను తన పాత జోడీకి అనుగుణంగా అరిగి ఉంటుంది. కొత్త పన్ను దాని మీద పూర్తి వెడల్పున ఆనదు, కొద్ది చోట్లే తాకుతుంది. శబ్దం వస్తుంది, కొత్తదీ త్వరగా చుక్కలు పడుతుంది.

బేరింగులు, సింక్రో రింగులు

గేర్లతో పోలిస్తే బేరింగుల ఆయుష్షును లెక్కగట్టడం సులువు. స్వీడన్‌కు చెందిన లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ 1947లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం బాల్ బేరింగు ఆయుష్షు భారం ఘనానికి విలోమంగా మారుతుంది. భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. భారం పాతిక శాతం పెరిగితే చాలు, ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

ఎక్కువ బరువు వేసినంత మాత్రాన ఇంజన్ ఇచ్చే గరిష్ఠ టార్క్ పెరగదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, పెరగదు. కానీ ఆ గరిష్ఠ టార్క్‌తో నడిచే సమయం పెరుగుతుంది. మామూలుగా సగం ఎక్సలేటర్‌తో సాగే దారిలో పూర్తిగా తొక్కాల్సి వస్తుంది, రెండో గేరులో పోయే చోట ఒకటో గేరు కావాలి. బేరింగు ఆయుష్షును నిర్ణయించేది ఈ సగటు భారమే. నాలుగు థాన్లు ఎక్కువ వేసుకున్న ట్రిప్పు అప్పటికి లాభంగా కనిపిస్తుంది, దాని బిల్లు గేర్‌బాక్స్ దించిన రోజు వస్తుంది.

సింక్రో రింగు కథ వేరు. అది ఎక్కువగా ఇత్తడి లాంటి రాగి మిశ్రమంతో చేసిన చిన్న శంకువు ఆకారపు బ్రేకు. గేరు మార్చినప్పుడు వేర్వేరు వేగాలతో తిరిగే రెండు భాగాలను రాపిడితో ఒకే వేగానికి తెచ్చి, ఆ తర్వాతే పళ్లను కలవనిస్తుంది. దాని అరుగుదల కిలోమీటర్ల కంటే గేరు మార్పుల సంఖ్య మీద ఎక్కువగా ఆధారపడుతుంది. హైవే లారీ గంటల తరబడి ఒకే గేరులో పోతుంది. రద్దీలో తిరిగే టెంపో రోజుకు 600 సార్లు గేరు మారుస్తుందనుకుంటే, ఏడాదికి 300 పనిదినాల్లో 1,80,000 సార్లు. మీటరులో తక్కువ కిలోమీటర్లు ఉన్న సిటీ బండిలో సింక్రోలు ముందుగా పోవడంలో వింతేమీ లేదు. రెండో గేరులోకి వేసేటప్పుడు కర్రుమనడం ఈ రింగు పనే. శుభవార్త ఏమిటంటే గేర్‌బాక్స్ భాగాల్లో సులువుగా మార్చదగ్గవి ఇవే. గేరు పళ్లు బాగుండి సింక్రోలు, బేరింగులు మాత్రమే పోతే, బాగుచేయించడమే సరైన దారి.

ఖాడీ నీళ్లు పొంగినప్పుడు

గోడాదరా బండ్లకు ఇంకో శత్రువు ఉంది. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్, పర్వత్ పాటియా, గోడాదరా పరిసరాల్లో నీళ్లు నిలవడం స్థానికులకు తెలిసిన విషయమే. మోకాటిలోతు నీటిలో టెంపోను దాటించి, ఇంజన్‌లోకి నీరు పోలేదని ఊపిరి పీల్చుకుంటారు. గేర్‌బాక్స్ గురించి ఎవరూ ఆలోచించరు.

గేర్‌బాక్స్ పూర్తిగా మూసిన పెట్టె కాదు. వేడికి లోపలి గాలి వ్యాకోచించినప్పుడు బయటికి పోయేందుకు పైన బ్రీదర్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. పని చేసి వచ్చిన గేర్‌బాక్స్ 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉందనుకుందాం. అది 30 డిగ్రీల నీటిలో మునిగితే లోపలి గాలి 353 కెల్విన్ నుంచి 303 కెల్విన్‌కు చల్లబడుతుంది. వాయు నియమం ప్రకారం దాదాపు 14 శాతం సంకోచం. లోపల లీటరున్నర గాలి ఉంటే, పూర్తిగా చల్లబడేసరికి ఆ ఖాళీని నింపడానికి 200 మిల్లీలీటర్ల దాకా నీటిని పీల్చుకోగలదు. బ్రీదర్ బురదతో మూసుకుపోతే ఆ పీల్పు ఆయిల్ సీళ్ల అంచుల మీద పడుతుంది.

నీరు కలిసిన గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. బండి నడుస్తున్నంతసేపూ పెద్దగా తేడా తెలియదు. రెండు మూడు రోజులు నిలిపితే మాత్రం బేరింగు బంతులు ఆనే చోట తుప్పు చుక్కలు పడతాయి, తర్వాత ప్రతి చుక్కా ఒక పగులుకు మొదలు. నీళ్లలో దిగిన బండికి అదే వారంలో గేర్ ఆయిల్ మార్చడం కొన్ని వందల రూపాయల పని. ఆ పని వాయిదా వేసిన బండే కొన్ని నెలల తర్వాత గరగరలాడుతూ షెడ్డుకు వస్తుంది. భంగార్‌లో దొరికే గేర్‌బాక్స్ కూడా వరదలో మునిగిన బండిది కావచ్చన్నది కొనేవారు మరవకూడదు.

తెల్ల పళ్లెంలో ఆయిల్

గేర్‌బాక్స్ దించకముందే చేయగల చవకైన పరీక్ష ఒకటుంది. బండి కాస్త తిరిగి వేడిగా ఉన్నప్పుడు ఆయిల్‌ను శుభ్రమైన తెల్లటి పళ్లెంలోకి దించాలి. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడాలి, లేకపోతే ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆయిల్‌లో తిప్పాలి.

అయస్కాంతానికి నల్లని మెత్తని పేస్టులా పట్టుకుంటే అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తెలియదు. మెరిసే రేకుల్లాంటి పెచ్చులు కనిపిస్తే గేరు పళ్ల నుంచో, బేరింగు నుంచో లోహం ఊడుతోందని అర్థం. ముక్కగా, మూలలు తేలి ఉంటే పన్ను విరిగింది. అయస్కాంతానికి అంటకుండా ఆయిల్‌లో పసుపుగా మెరిసే పొడి సింక్రో రింగులది. అయస్కాంతానికి అంటని తెల్లటి లోహపు పొడి అల్యూమినియం, అంటే అరుగుతున్నది గేర్‌బాక్స్ పెట్టె కావచ్చు. వీటన్నిటిలో అది చెడు సూచన.

ఆయిల్ రకం గురించి ఒక మాట. దుకాణాల్లో దొరికే జీఎల్-5 రకంలో గంధకం, భాస్వరం సమ్మేళనాలు జీఎల్-4 కంటే ఎక్కువ పాళ్లలో ఉంటాయి. వెనక యాక్సిల్ గేర్లకు అవి మేలు చేస్తాయి, కొన్ని గేర్‌బాక్సుల ఇత్తడి సింక్రోలకు మాత్రం హాని చేయవచ్చు. పెద్ద అంకె మంచిదనుకుని పోయించకుండా, బండి పుస్తకంలో రాసిన రకమే వాడాలి.

మూత తీశాక చూడాల్సింది

గేర్‌బాక్స్ విప్పినప్పుడు అందరి కళ్లూ గేర్ల మీదే ఉంటాయి. ముందుగా చూడాల్సింది పెట్టెను. బేరింగు బయటి రింగు కూర్చునే గుంత గుండ్రంగా, బిగుతుగా ఉండాలి. బేరింగు పట్టేసి, బయటి రింగే గుంతలో తిరిగి ఉంటే అల్యూమినియం అరిగి గుంత వదులవుతుంది. కొత్త బేరింగు వేసినా షాఫ్టు తన స్థానంలో నిలవదు.

గేరు పళ్లకు నేడు వాడే ఇన్‌వల్యూట్ వంపుకు ఒక గొప్ప గుణం ఉంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ పరిశీలించిన ఈ వంపులో రెండు చక్రాల కేంద్రాల మధ్య దూరం కొద్దిగా మారినా వేగాల నిష్పత్తి మారదు. దూరాన్ని అది క్షమిస్తుంది, వాలుదలను కాదు. షాఫ్టు ఒక వైపుకు వాలితే పన్ను మొత్తం వెడల్పుకు బదులు ఒక అంచు మాత్రమే భారం మోస్తుంది. మూడో వంతు వెడల్పే ఆనితే ఒత్తిడి మూడు రెట్లు కాదు, మూడు వర్గమూలం, అంటే 1.7 రెట్లు పెరుగుతుంది. చిన్నదిగా కనిపించినా అలసట వల్ల వచ్చే పగుళ్లకు ఆ తేడా చాలు. పన్ను మీద మెరుపు ఒక కొనకే ఉంటే ఈ వాలుదలే కారణం కావచ్చు. గుంతను తొలిచి స్లీవు వేసే మెషిన్ షాపులు ఉన్నాయి. పని సరిగా చేస్తే పెట్టె బతుకుతుంది. దానికి మంచి బోరింగ్ మెషిను, కొలిచే పరికరాలు కావాలి. ఆ ఖర్చు కలిశాక బాగుచేయించడం ఇంకా చవకేనా అన్నది అక్కడ మళ్లీ లెక్క వేసుకోవాలి.

గేరు జారిపోయే బండిలో పళ్ల కంటే పక్కనున్న చిన్న కలిపే పళ్లను చూడాలి. వాటి మూలలు గుండ్రబడితే భారం పడినప్పుడు స్లీవు పక్కకు తోసుకుపోతుంది. ఫోర్క్ అంచుల అరుగుదల, గేరును స్థానంలో పట్టే బంతి స్ప్రింగు కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. స్ప్రింగైతే పదుల రూపాయల్లో పోతుంది.

ఒక్క బేరింగే పోయింది, అదొక్కటే వేద్దామనే మాట తరచూ వినిపిస్తుంది. ఐదు బేరింగులున్న గేర్‌బాక్స్‌లో ఒక్కొక్కటి రెండేళ్లు నిలిచే అవకాశం 90 శాతం అనుకుందాం. ఐదూ నిలిచే అవకాశం 0.9ని ఐదుసార్లు గుణిస్తే వచ్చే 0.59 మాత్రమే. పాతవాటి విషయంలో 90 శాతం కూడా అత్యాశే, ఎందుకంటే ఊడిన లోహపు పొడి అప్పటికే అన్నిట్లోకీ చేరి ఉంటుంది. గేర్‌బాక్స్ ఒకసారి దించాక, దించే కూలి ఇచ్చేశాక, బేరింగులు, సీళ్లు అన్నీ మార్చడమే పొదుపు.

లెక్క

ఇప్పుడు మూడు దారులనూ పక్కపక్కన పెట్టవచ్చు. కింది అంకెలు ఉదాహరణకు అనుకున్నవే, ఎవరి బండికి వారి షెడ్డు చెప్పిన ధరలు వేసుకోవాలి. టెంపో తొమ్మిదేళ్లది, యజమాని ఇంకో నాలుగేళ్లు నడపాలనుకుంటున్నాడు. రోజుకు ఖర్చులు పోను 800 రూపాయలు మిగులుతాయి. దారిలో గేర్‌బాక్స్ ఆగిపోతే సరుకు మార్చడానికి, బండి లాగించడానికి 6,000 అవుతాయి.

విప్పి పూర్తిగా బాగుచేయించడానికి 22,000, ఐదు రోజుల పని పోతే 4,000, మొత్తం 26,000. బిగింపులో లోపం వల్ల మళ్లీ విప్పాల్సి వచ్చే అవకాశం ఐదులో ఒకటి, అప్పుడు 15,000, దారి ఖర్చు 6,000. ఆ 21,000లో ఐదో వంతు 4,200. కలిపితే 30,200.

భంగార్ గేర్‌బాక్స్ 16,000, రెండు రోజులకు 1,600, మొత్తం 17,600. అది చెడిపోతే మళ్లీ అంతే ఖర్చు, దారి ఖర్చుతో 23,600. చెడిపోయే అవకాశం సగం అనుకుంటే 11,800 కలిపి 29,400. అంటే బాగుచేయించిన దానికి దాదాపు సమానం. అవకాశం నాలుగులో ఒకటైతే 23,500, భంగార్‌దే నయం. నాలుగులో మూడైతే 35,300, బాగుచేయించడమే నయం.

కొత్త అసెంబ్లీ 58,000, రెండు రోజులతో 59,600. నాలుగేళ్లకు పంచితే నెలకు 1,242 రూపాయలు. బాగుచేయించిన దానికి నెలకు 629. బండిని పదేళ్లు ఉంచుకునేవారికి కొత్తదాని ఖర్చు నెలకు 497కు దిగుతుంది. కానీ తొమ్మిదేళ్ల టెంపోను ఇంకో పదేళ్లు నడిపేవారు అరుదు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. 2021 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన వాహన తుక్కు విధానం కూడా పాత బండ్లను రోడ్డు దింపే వైపే నడిపిస్తోంది. బండి ఎన్నాళ్లు ఉంటుందో తేల్చుకోకుండా గేర్‌బాక్స్ గురించి తేల్చలేం. ఏడాదిలో అమ్మేయాలనుకునే బండికి కొత్త అసెంబ్లీ వేయించడానికి కారణం కనిపించదు. పెట్టె పగిలి, రెండు మూడు గేరు జతలు పోయి, విడిభాగాల బిల్లే కొత్తదాని ధరలో ముప్పాతికకు చేరినప్పుడు మాత్రం కొత్తదే మేలు.

ఈ లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఊగేది ధర కాదు, ఆ సగమా, పావా, ముప్పావా అన్న అంకె. పాత గేర్‌బాక్స్ చరిత్ర తెలియకపోవడమే దాని అసలు ధర. ఆ అజ్ఞానాన్ని తగ్గించే ఖర్చు చాలా తక్కువ. పక్క మూత తీసి పళ్ల మీద టార్చి వేసి చూడటానికి, షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడటానికి, అడుగున మిగిలిన ఆయిల్ రంగు చూడటానికి మేస్త్రికి వెయ్యి రూపాయలు ఇచ్చినా, పావు అవకాశానికీ ముప్పావు అవకాశానికీ మధ్య 11,800 రూపాయల తేడా ఉంది. మూత విప్పనివ్వని దుకాణంలో అంకె ముప్పావు అని వేసుకుని బేరం ఆడటం న్యాయం. సొంత గేర్‌బాక్స్ విషయంలోనూ అంతే. విప్పి చూపించే కూలి వేరుగా, బాగుచేసే ధర వేరుగా మాట్లాడుకుంటే, లోపల చూశాక దారి మార్చుకునే వీలుంటుంది.

ఏ దారి ఎంచుకున్నా కొన్ని చిల్లర పనులు మిగులుతాయి. మార్చిన పాత బేరింగులు, రింగులు ఒక సంచిలో వేసి ఇమ్మని ముందే అడగాలి. అవి చేతికొస్తే అన్నీ నిజంగా మారాయో లేదో తెలుస్తుంది, బేరింగు రింగు మీద తుప్పు చుక్కలున్నాయో, పెచ్చులు లేచాయో చూస్తే జబ్బు నీళ్లదా, బరువుదా అన్నదీ బయటపడుతుంది. బ్రీదర్ శుభ్రం చేయించి, వీలైతే సన్నని రబ్బరు పైపుతో దాన్ని ఎత్తుకు తీసుకెళ్లడం పెద్ద ఖర్చేమీ కాదు. కొత్తగా బిగించిన గేర్‌బాక్స్ తొలి వెయ్యి కిలోమీటర్లలో కాస్త లోహపు పొడి వదులుతుంది. అప్పుడు ఆయిల్ మరోసారి తెల్ల పళ్లెంలోకి దించి, అయస్కాంతం తిప్పి, పేస్టా పెచ్చులా అని చూసుకోవాలి. పెచ్చులైతే షెడ్డు ఇచ్చిన గ్యారంటీ గడువు దాటకముందే బండిని అక్కడికి తీసుకెళ్లాలి.